ఒకే ఏడాది, ఒకే ఊరు, మూడు క్షయ మరణాల లెక్కలు: ఏది తీసుకోవాలి?

మీ ప్రశ్న నాకు అర్థమైన మేరకు ఇది. ఇంగ్లండ్‌లోని ఒక అర్బన్ డిస్ట్రిక్ట్‌కు (సొంత కౌన్సిల్ ఉన్న చిన్న పట్టణ ప్రాంతానికి) హెల్త్ ఆఫీసర్, అంటే కౌన్సిల్ నియమించిన ప్రజారోగ్య వైద్యాధికారి, ఏటా రాసిన నివేదికలను 1900 నుంచి 1950 దాకా ముందు పెట్టుకుని క్షయ మరణాల వరుస తయారు చేస్తున్నారు. ఒకే నివేదికలో మరణ కారణాల పట్టికలో ఒక అంకె ఉంది, క్షయ గురించి విడిగా రాసిన పేజీలో ఇంకొకటి ఉంది. దేశం మొత్తం జనన మరణాల నమోదు చూసే రిజిస్ట్రార్ జనరల్ అచ్చువేసిన సంపుటంలో చూస్తే మూడోది. పైగా కొన్నేళ్లలో కొత్తగా బయటపడ్డ రోగుల కంటే చనిపోయినవాళ్లే ఎక్కువ. వీటిలో ఏది సరైనదో, తప్పు ఎవరిదో తేల్చమని అడిగారు.

చాలావరకు ఎవరి తప్పూ కాదు. మూడు చోట్లా మూడు వేర్వేరు సంగతులను లెక్కపెట్టారు. మరణ రేటు కోసం ఒక వరుసను ఎంచుకోవాల్సిందే. అదేదో కింద చెప్తాను. కానీ మిగతా రెండింటినీ దానికి సర్దేసి తేడాను మాయం చేయకండి. ఆ కాలపు ప్రజారోగ్య వ్యవస్థ ఎంత పనిచేసిందో చెప్పే ఆధారం ఆ తేడాలోనే ఉంది.

ముందుగా ఈ కాగితాలు ఎవరు రాశారో చూడాలి. 1872 చట్టంతో ఇంగ్లండ్‌లో పట్టణ, గ్రామీణ పారిశుధ్య సంస్థలన్నీ హెల్త్ ఆఫీసర్‌ను నియమించుకోవడం తప్పనిసరి అయింది. 1894 స్థానిక ప్రభుత్వ చట్టం పట్టణ పారిశుధ్య ప్రాంతాలను అర్బన్ డిస్ట్రిక్టులుగా మార్చింది. 1974 ఏప్రిల్ 1న అవి రద్దయ్యాయి, హెల్త్ ఆఫీసర్ పదవి కూడా అప్పుడే పోయింది. చిన్న డిస్ట్రిక్టుల్లో ఈ అధికారి పూర్తి కాలం ఉద్యోగి కాకపోవడం మామూలే. పొద్దున అదే ఊళ్లో సొంత ప్రాక్టీసు, మిగిలిన వేళ కౌన్సిల్ పని. అంటే రోగి చనిపోతే సర్టిఫికెట్ రాసేదీ, దాన్ని ఏడాది చివర పట్టికలో వేసేదీ ఒక్కోసారి ఒకే మనిషి. నివేదికలో ఒక్కో ఏడాది వివరణ పేజీలకు పేజీలు, మరో ఏడాది రెండు వాక్యాలు. దాన్ని బట్టి క్షయ తీవ్రత గురించి ఏమీ అనుకోకండి. ఆ ఏడాది రాసిన ఆయనకు తీరిక ఎంత ఉందో అంతే.

ఇక మొదటి తేడా, నివాసం గురించి. మనిషి ఎక్కడ చనిపోతే మరణం అక్కడి రిజిస్ట్రార్ పుస్తకంలోకి ఎక్కుతుంది. క్షయ రోగి మాత్రం తన ఇంట్లోనే చనిపోవాలని లేదు. యూనియన్ వర్క్‌హౌస్ (పేదలను ఉంచే ప్రభుత్వ ఆశ్రయం) ఆసుపత్రిలోనో, కౌంటీ శానటోరియంలోనో (క్షయ రోగులను ఉంచే ఆసుపత్రి), మానసిక రోగుల ఆసుపత్రిలోనో చనిపోయేవారు చాలామంది. అందువల్ల శానటోరియం తన హద్దుల్లో ఉన్న డిస్ట్రిక్ట్‌కు క్షయ రేటు భయంకరంగా కనిపిస్తుంది, పక్క డిస్ట్రిక్ట్ కడిగిన ముత్యంలా కనిపిస్తుంది. హెల్త్ ఆఫీసర్లకు ఇది బాగా తెలుసు. అందుకే వాళ్ల పట్టికలో వరుసగా నాలుగు గడులు కనిపిస్తాయి: డిస్ట్రిక్ట్‌లో నమోదైన మొత్తం మరణాలు, అందులో బయటివాళ్లవి, బయట చనిపోయిన మన ఊరివాళ్లవి, చివరికి డిస్ట్రిక్ట్‌కు చెందిన నికర మరణాలు. 1911కు ముందు ఈ సర్దుబాటు పని హెల్త్ ఆఫీసర్ ఓపిక మీద ఆధారపడి ఉండేది. ఎక్కడో చనిపోయిన తన ఊరివాళ్ల సంగతి ఆయనకు తెలిస్తేనే కలిపేవాడు. 1911 నుంచి రిజిస్ట్రార్ జనరల్ కార్యాలయమే మరణాలను నివాసాన్ని బట్టి ఆయా డిస్ట్రిక్టులకు బదిలీ చేయడం మొదలుపెట్టింది. మీ వరుసలో 1910కీ 1911కీ మధ్య మెట్టు కనిపిస్తే రోగంలో మార్పు కోసం వెతికే ముందు దీన్ని చూడండి.

అదే ఏడాదికి సంబంధించి ఇంకో చిక్కు ఉంది. అంతకు ముందు రిజిస్ట్రార్ జనరల్ సంపుటాల్లో ప్రధాన విభజన రిజిస్ట్రేషన్ జిల్లాల ప్రకారం ఉండేది. ఆ జిల్లాలు పూర్ లా యూనియన్ల (పేదల సహాయ చట్టం కింద ఊళ్లను కలిపి చేసిన ప్రాంతాల) హద్దులను అనుసరించినవి. మీ అర్బన్ డిస్ట్రిక్ట్ ఏ యూనియన్‌లో ఉందో ఆ యూనియన్‌లో చుట్టుపక్కల పల్లెలు కూడా ఉంటాయి. పేరు ఒకటే కావచ్చు, హద్దు మాత్రం ఒకటి కాదు. 1911 నుంచి స్థానిక సంస్థల హద్దుల ప్రకారం పట్టికలు వచ్చాయి. 1929 చట్టం తర్వాత 1930లలో కౌంటీలు హద్దులను మళ్లీ సమీక్షించాయి. చాలా అర్బన్ డిస్ట్రిక్టులు అప్పుడు కలిసిపోయాయి, లేదా పక్క పల్లెలను కలుపుకున్నాయి. నివేదిక మొదటి పేజీలో ఎకరాల లెక్క ఇస్తారు. మరణాలు చూసే ముందు ఆ ఎకరాలను ఏటికేడు ఒక కాలమ్‌లో రాసుకోండి. ఎక్కడ అంకె మారిందో అక్కడ హద్దు మారింది. ఈ పనికి అరగంట పడుతుంది, తర్వాత చాలా తలనొప్పి తప్పుతుంది.

ఇంకా చిన్న తేడాలు కొన్ని ఉన్నాయి. రిజిస్ట్రార్ జనరల్ లెక్క మరణం నమోదైన తేదీని బట్టి ఉంటుంది. డిసెంబర్ చివరి వారంలో పోయిన మనిషి జనవరిలో నమోదైతే తర్వాతి ఏడాదిలో పడతాడు. సంస్థల్లో చనిపోయి పాత చిరునామా ఎవరికీ తెలియనివాళ్లు ఆ సంస్థ ఉన్న చోటికే చేరతారు. ఒకటి రెండు అంకెల తేడాకు ఈ కారణాలు చాలు. అంతకు మించి తవ్వకండి.

రెండో తేడా, కారణం. ఇక్కడ కొంచెం నిదానంగా వెళ్దాం.

1874 చట్టం ప్రకారం చికిత్స చేసిన డాక్టరు మరణ కారణం రాసి సర్టిఫికెట్ ఇవ్వాలి. ఆ సర్టిఫికెట్ ఇంటివాళ్ల చేతికే ఇచ్చేవారు, వాళ్లు పట్టుకెళ్లి రిజిస్ట్రార్‌కు ఇచ్చేవారు. క్షయ అని రాస్తే ఆ మాట ఇంటిల్లిపాదీ చదువుతారు. క్షయ వంశపారంపర్యమన్న నమ్మకం బలంగా ఉన్న రోజులు అవి. ఇంట్లో పెళ్లికావాల్సిన పిల్లలు ఉంటారు, జీవిత బీమా కంపెనీ కుటుంబ చరిత్ర అడుగుతుంది. డాక్టరు దీర్ఘకాలిక బ్రాంకైటిస్ అని రాసేస్తే అందరికీ సుఖం. రోజూ ఆ కుటుంబాల ఫీజుతో బతికే డాక్టరు ఇలా రాయడంలో ఆశ్చర్యం లేదు. 1926 చట్టం తర్వాత సర్టిఫికెట్‌ను రిజిస్ట్రార్‌కు పంపే బాధ్యత డాక్టరు మీద పడింది. కానీ రిజిస్టరులో కారణం ఉంటూనే ఉంది, దాని నకలు కుటుంబానికి అందుతూనే ఉంది. కాబట్టి మొహమాటం ఒక్కసారిగా పోయిందని అనుకోలేం.

అందుకే క్షయ గడిని ఒంటరిగా చదవకూడదు. దాని పక్కనే బ్రాంకైటిస్, న్యుమోనియా, ఇతర శ్వాసకోశ వ్యాధుల గడులు పెట్టుకుని చదవాలి. ముఖ్యంగా 15 నుంచి 45 ఏళ్ల మధ్య వయసువాళ్ల బ్రాంకైటిస్ మరణాలు చూడండి. ఆ వయసులో బ్రాంకైటిస్‌తో చనిపోయేవాళ్లు మామూలుగా తక్కువ. క్షయ తగ్గుతున్న ఏళ్లలో ఆ వయసు బ్రాంకైటిస్ పెరుగుతుంటే రోగం తగ్గిందా, పేరు మారిందా అని ఆగి ఆలోచించాలి. మందులు రాకముందే క్షయ మరణాలు ఎంతో తగ్గాయన్న బ్రిటిష్ వైద్య పరిశోధకుడు థామస్ మెక్‌కియోన్ వాదన మీద దశాబ్దాల పాటు నడిచిన చర్చలో ఇదీ ఒక భాగం. తగ్గుదల నిజమే అని నా అభిప్రాయం. ఎంత తగ్గిందన్న దాంట్లోనే కొంత పేర్ల మార్పు కలిసి ఉంది.

పసిపిల్లల దగ్గర ఇది ఇంకా ఎక్కువ. పాత నివేదికల్లో మెదడు పొరల క్షయ తీవ్ర హైడ్రోకెఫలస్ పేరుతోనూ, పొట్టలో వచ్చే క్షయ టేబీస్ మెసెంటెరికా పేరుతోనూ ఉంటుంది. బలహీనత, మరాస్మస్ (చిక్కిపోవడం) అని రాసినవాటిలోనూ కొంత క్షయ దాగి ఉంటుంది. ఎదురు తప్పు కూడా జరిగేది. మామూలు విరేచనాలతో చిక్కి చనిపోయిన పిల్లల్లో కొందరిని పొట్ట క్షయ కింద వేసేవారు. 1911 నుంచి 1920 దాకా స్థానిక పట్టికల్లో మూడు గడులు: ఊపిరితిత్తుల క్షయ, మెదడు పొరల క్షయ, ఇతర క్షయ వ్యాధులు. తర్వాత అవి రెండయ్యాయి, శ్వాస వ్యవస్థ క్షయ, ఇతర క్షయ అని. మీ వరుసను మొదటి నుంచీ రెండు గడులుగా నడపండి. మెదడు పొరల అంకె దొరికిన ఏళ్లలో దాన్ని పక్కన విడిగా రాసుకోండి.

ఇతర క్షయ అన్న గడిని చాలామంది పట్టించుకోరు. నాకు అది ఇష్టమైన గడి, ఎందుకంటే అది పాల కథ చెప్తుంది. 1901లో లండన్ సమావేశంలో రాబర్ట్ కోచ్ పశువుల క్షయ మనుషులకు పెద్దగా ప్రమాదం కాదన్నాడు. 1882లో క్షయ బాక్టీరియాను లోకానికి చూపించిన మనిషే ఆ మాట అనేసరికి బ్రిటన్ ఒక రాయల్ కమిషన్ వేసింది. 1911 దాకా పనిచేసి, పశువుల నుంచి, ముఖ్యంగా పాల ద్వారా పిల్లలకు క్షయ వస్తుందని ఆ కమిషన్ తేల్చింది. అయిదేళ్లలోపు పిల్లల ఇతర క్షయ మరణాలను విడిగా గీస్తే, ఊపిరితిత్తుల క్షయ గీత కంటే భిన్నమైన వాలు కనిపించవచ్చు. అప్పుడు అదే నివేదికలో పాల నమూనాల పరీక్షలు, డెయిరీ తనిఖీల పేజీ తీయండి. రెండూ ఒకే అధికారి రాసినవే అయినా, ఆయన వాటిని కలిపి చదివిన సందర్భాలు తక్కువ.

మూడో అంకె ఎందుకు వస్తుందో కూడా ఇక్కడే తెలుస్తుంది. హెల్త్ ఆఫీసర్‌కు స్థానిక రిజిస్ట్రార్ నుంచి మరణాల జాబితా ఎప్పటికప్పుడు వస్తుంది. దాన్ని చూసి ఆయన తన పట్టిక వేసుకుంటాడు. రిజిస్ట్రార్ జనరల్ కార్యాలయం మాత్రం అస్పష్టమైన సర్టిఫికెట్ కనిపిస్తే డాక్టరుకు ఉత్తరం రాసి వివరం అడుగుతుంది, జవాబు వచ్చాక కారణాన్ని మారుస్తుంది. సర్టిఫికెట్‌లో రెండు మూడు జబ్బులుంటే ఏది అసలు కారణమో తన నియమాల ప్రకారం ఎంచుతుంది. తట్టుతో మొదలై మెదడు పొరల క్షయతో ముగిసిన పిల్లవాడిని హెల్త్ ఆఫీసర్ ఒకచోట, లండన్ గుమాస్తా ఇంకోచోట వేసే అవకాశం ఉంది. ఈ నియమాలు 1940లో మారాయి. అప్పటిదాకా కార్యాలయానికి తన ప్రాధాన్య క్రమం ఉండేది, 1940 నుంచి డాక్టరు రాసిన క్రమానికే విలువ ఇచ్చారు. 1950లో వ్యాధుల అంతర్జాతీయ వర్గీకరణ ఆరో సవరణ అమల్లోకి వచ్చింది. 1911, 1940, 1950 ఈ మూడింటి దగ్గరా మీ గ్రాఫ్‌లో నిలువు గీత గీయండి. ఆ గీతలను దాటి సగటులు వేయకండి.

ఇప్పుడు కొత్త కేసుల కంటే చావులు ఎక్కువ ఎందుకున్నాయన్న ప్రశ్న. దీనికి నోటిఫికేషన్ చరిత్ర తెలియాలి. నోటిఫికేషన్ అంటే క్షయ రోగి కనిపిస్తే డాక్టరు ఆ సంగతి హెల్త్ ఆఫీసర్‌కు తెలియజేయడం. షెఫీల్డ్ నగరం ఒక స్థానిక చట్టంతో 1903లోనే దీన్ని తప్పనిసరి చేసింది. దేశమంతటా మాత్రం మెట్లు మెట్లుగా వచ్చింది. 1909 జనవరి నుంచి పూర్ లా వైద్యుల దగ్గర ఉన్న పేద రోగుల ఊపిరితిత్తుల క్షయ, 1911లో ఆసుపత్రుల రోగులు, 1912 జనవరి నుంచి ఊపిరితిత్తుల క్షయ రోగులందరూ, 1913 ఫిబ్రవరి నుంచి అన్ని రకాల క్షయ. కాబట్టి 1909లో మీ ఊళ్లో కేసుల కంటే మరణాలు ఎక్కువ ఉండటంలో వింత లేదు. కేసుల గడిలో పూర్ లా వైద్యుల దగ్గరి పేదలు మాత్రమే ఉన్నారు, మరణాల గడిలో ఊరంతా ఉంది. అదే కారణంగా 1912, 1913లలో కేసులు ఒక్కసారిగా పెరిగాయి. ఏళ్ల తరబడి దగ్గుతున్న పాత రోగులంతా ఆ రెండేళ్లలో కాగితం ఎక్కారు. ఆ పెరుగుదలను విజృంభణ అని రాసిన వ్యాసాలు చదివాను. దయచేసి మీరు ఆ జాబితాలో చేరకండి.

ఫారాల సంగతి కూడా తెలుసుకోవాలి. ఎ ఫారం అంటే డాక్టరు మొదటిసారి తెలియజేసింది. బి ఫారం స్కూలు వైద్య పరీక్షలో బయటపడింది. సి ఫారం సంస్థలో చేరినప్పుడు, డి ఫారం బయటికి వచ్చినప్పుడు. ఒకే రోగి మీద మూడు నాలుగు కాగితాలు ఉండొచ్చు. తొలి ఏళ్లలో కొన్ని నివేదికలు అన్నీ కలిపి వచ్చిన నోటిఫికేషన్లు అని ఒక పెద్ద అంకె ఇస్తాయి. అది మనుషుల లెక్క కాదు, కాగితాల లెక్క. మీకు కావలసింది ఎ, బి ఫారాల మీద మొదటిసారి కనిపించినవాళ్లు మాత్రమే.

అన్నిటికన్నా విలువైన అంకె ఇంకా రాలేదు. బతికి ఉండగా ఎవరూ తెలియజేయకుండానే క్షయతో చనిపోయినవాళ్ల సంఖ్య అది. చాలామంది హెల్త్ ఆఫీసర్లు దీన్ని మొత్తం క్షయ మరణాల్లో ఇంత భాగం అని ఇస్తారు. 1924 నిబంధనల తర్వాత దీనికి ఒక ప్రత్యేక పట్టిక కూడా వచ్చింది: నోటిఫికేషన్ కాకుండా వేరే దారిలో తెలిసిన కేసులు. ఆ దారులు ఏవంటే, స్థానిక రిజిస్ట్రార్ పంపిన మరణాల జాబితా, రిజిస్ట్రార్ జనరల్ బదిలీ చేసిన మరణాలు, చనిపోయాక డాక్టరు పంపిన నోటిఫికేషన్, వేరే ప్రాంతం నుంచి వచ్చి స్థిరపడినవాళ్లు. చివరిదాన్ని వదిలేస్తే మిగతా మూడూ ఒకే సంగతి చెప్తాయి. ఈ మనిషికి క్షయ ఉందని కౌన్సిల్‌కు తెలిసేసరికి ఆయన చనిపోయాడు. అప్పటిదాకా ఆ ఇంటికి హెల్త్ విజిటర్ (ఇళ్లకు వెళ్లి చూసే నర్సు) వెళ్లలేదు, పక్కన పడుకున్న పిల్లలను ఎవరూ పరీక్షించలేదు, గది శుభ్రం చేయించలేదు.

అందుకే ఈ నిష్పత్తికి మరణ రేటుతో సమానంగా, ఒక్కోసారి ఎక్కువగా, విలువ ఇస్తాను. మరణ రేటు తగ్గడానికి తిండి, ఇల్లు, జీతం, వలస, ఎన్నో కారణాలుంటాయి. వాటిలో హెల్త్ విభాగం పని వాటా ఎంతో విడదీయడం కష్టం. తెలియకుండా పోయిన మరణాల నిష్పత్తి మాత్రం నేరుగా ఆ విభాగం చూపు ఎంత దూరం పోయిందో చెప్తుంది. దానికి తోడు చాలా నివేదికల్లో నోటిఫికేషన్‌కూ మరణానికీ మధ్య ఎంత కాలం గడిచిందో కూడా ఉంటుంది: నెలలోపు, మూడు నెలల్లోపు, ఇలా. అందులో నెలలోపు అన్న గడిని కూడా తెలియకుండా పోయినవాళ్లతో కలిపి చూడండి. ఆఖరి దశలో తెలియజేసిన రోగికి శానటోరియం వల్ల ప్రయోజనం లేదు. ఇంట్లోవాళ్లకు అంటాల్సింది అప్పటికే అంటి ఉంటుంది. ఈ రెండు గడుల మొత్తం ఏళ్లు గడిచినా తగ్గకపోతే ఆ ఊళ్లో డాక్టర్లు దాచారు, లేదా రోగులు డాక్టరు దాకా రాలేదు, లేదా రెండూ. ఏదో తెలుసుకోవడానికి హెల్త్ ఆఫీసర్ రాసిన వాక్యాలు చదవాలి. కొందరు తోటి డాక్టర్ల మీద ఒళ్లు మండి ఘాటుగానే రాశారు. కొందరు ఆ డాక్టర్లతో రోజూ మొహం చూసుకోవాల్సినవాళ్లు కాబట్టి మెత్తగా దాటేశారు.

ఈ నిష్పత్తిని ఊపిరితిత్తుల క్షయకు ఒకటి, ఇతర క్షయకు ఒకటి వేయండి. మెదడు పొరల క్షయ వచ్చిన పిల్లలు కొద్ది వారాల్లోనే చనిపోయేవారు. అక్కడ రోగ నిర్ధారణే ఆఖరి రోజుల్లో జరుగుతుంది, కాబట్టి అందులో ఆలస్యాన్ని నిర్లక్ష్యం అనలేం.

రేటు కింద వేసే జనాభా గురించి కొంచెమే చెప్తాను, కానీ ఇది కూడా ముంచుతుంది. రెండు జనగణనల మధ్య ఏళ్లకు అంచనాలే ఉంటాయి. తర్వాతి జనగణన వచ్చాక పదేళ్ల అంచనా ఎంత తప్పో తెలుస్తుంది. 1921 జనగణన ఏప్రిల్‌లో జరగాల్సింది, పారిశ్రామిక సమ్మె గొడవల్లో జూన్ 19కి జరిగింది. అప్పటికి సముద్రతీరపు ఊళ్లలో సెలవుల జనం చేరిపోయారు. మీ డిస్ట్రిక్ట్ తీరంలో ఉంటే 1921 జనాభాను ముడి అంకెగా వాడకండి, రిజిస్ట్రార్ జనరల్ సర్దిన అంచనా తీసుకోండి. 1941లో జనగణనే లేదు. 1939 సెప్టెంబర్ 29 నాటి జాతీయ నమోదు ఆధారంగా యుద్ధకాలపు అంచనాలు నడిచాయి, మధ్యలో పిల్లల తరలింపులు.

రెండు యుద్ధాల్లోనూ ఆరోగ్యంగా ఉన్న మగవాళ్లు సైన్యంలోకి వెళ్లారు. రేటు పౌర జనాభా మీద వేశారు. సైన్యం తీసుకోని బలహీనులు, సైన్యం వెనక్కి పంపిన క్షయ రోగులు ఊళ్లో మిగిలారు. అందువల్ల 1915 నుంచి 1918 దాకా మగవాళ్ల రేటు ఉన్నదానికన్నా ఎక్కువగా కనిపిస్తుంది. అయినా నిజమైన పెరుగుదల కూడా ఉంది. ఇంగ్లండ్, వేల్స్ మొత్తం మీద 1913లో 50 వేలకు కాస్త తక్కువగా ఉన్న క్షయ మరణాలు 1918లో 58 వేలు దాటాయి. ఆడవాళ్ల అంకెలకు సైన్యం చిక్కు లేదు కాబట్టి యుద్ధకాలానికి ఆడవాళ్ల గీతనే నమ్మండి. మానసిక రోగుల ఆసుపత్రుల్లో ఆ ఏళ్లలో మరణాలు విపరీతంగా పెరిగాయి, అందులో క్షయ వాటా పెద్దది. మీ ఊరికి బదిలీ అయిన మరణాల్లో వాళ్లూ ఉంటారు. 1918లో ఇన్‌ఫ్లుయెంజా వచ్చి ముదిరిన క్షయ రోగులను ఎత్తుకుపోయింది. ఆ ఒక్క ఏడాదిని ఏ ధోరణికీ ఆధారం చేసుకోకండి.

చిన్న అంకెల సమస్యను మీరు అడగలేదు, కానీ మీ డిస్ట్రిక్ట్ జనాభా 24 వేలు అన్నారు. ఊరికే ఉదాహరణకు, ఏడాదికి 20 మంది చనిపోయారనుకోండి. రోగ తీవ్రత ఏమీ మారకపోయినా కేవలం యాదృచ్ఛికంగా ఆ 20 అన్నది 12కూ 31కీ మధ్య ఎక్కడైనా ఉండగలిగే అంకె. ఒక ఏడాది 27, తర్వాతి ఏడాది 18 అయితే హెల్త్ ఆఫీసర్ సంతోషంగా కొత్త డిస్పెన్సరీ (క్షయ క్లినిక్) ఫలితం అని రాస్తాడు. ఆయన్ని తప్పుపట్టలేం, కౌన్సిల్ నుంచి వచ్చే ఏడాది డబ్బులు రావాలి కదా. మీరు మాత్రం అయిదేళ్లను ఒక ముక్కగా తీసుకోండి. అయిదేళ్లకు 100 మరణాలైతే ఆ ఊగిసలాట సుమారు 81, 122 మధ్యకు తగ్గుతుంది. అప్పుడు కూడా 10 శాతం తేడా గురించి మాట్లాడే హక్కు మనకు లేదు.

నివేదికలో కొన్ని వివరాలు హఠాత్తుగా మాయమవుతాయి, దానికీ కారణం ఉంది. 1911 జాతీయ బీమా చట్టంతో శానటోరియం చికిత్స సదుపాయం వచ్చింది, 1912 నుంచి అమలు. 1921 క్షయ చట్టంతో చికిత్స ఏర్పాట్లు కౌంటీ కౌన్సిళ్ల, కౌంటీ బరోల (కౌంటీతో సమాన అధికారాలున్న పెద్ద పట్టణాల) బాధ్యత అయ్యాయి. అర్బన్ డిస్ట్రిక్ట్ చేతిలో నోటిఫికేషన్ రిజిస్టరు, ఇళ్ల తనిఖీ, క్రిమిసంహారం మిగిలాయి. కాబట్టి కఫం పరీక్షల ఫలితాలు, డిస్పెన్సరీ హాజరు, శానటోరియం నుంచి వచ్చినవాళ్ల స్థితి మీ డిస్ట్రిక్ట్ నివేదికలో లేకపోతే కౌంటీ హెల్త్ ఆఫీసర్ నివేదికలో వెతకండి. 1948 జులైలో జాతీయ ఆరోగ్య సేవ మొదలయ్యాక ఆసుపత్రుల సమాచారం ప్రాంతీయ ఆసుపత్రి బోర్డులకు వెళ్లింది. ఇక 1943 నుంచి సామూహిక ఎక్స్‌రే వచ్చింది కాబట్టి ఆ తర్వాత కేసులు పెరగడం అంటే ఎక్కువమందిని వెతికి పట్టుకున్నారని అర్థం. సరిగ్గా ఆ ఏళ్లలోనే స్ట్రెప్టోమైసిన్, పాస్ (పారా-అమైనోసాలిసిలిక్ ఆమ్లం), 1952లో ఐసోనియాజిడ్ అనే క్షయ మందులు వచ్చాయి. దేశం మొత్తం మీద 1948కీ 1952కీ మధ్య మరణాలు దాదాపు సగానికి పడిపోయాయి. కేసుల గీత, మరణాల గీత విడిపోయే చోటు ఇదే. ఇక్కడి నుంచి మరణాలను బట్టి రోగం ఎంత వ్యాపించిందో చెప్పడం కుదరదు.

నేనైతే ఇలా చేస్తాను. మరణ రేటుకు 1911 నుంచి రిజిస్ట్రార్ జనరల్ నివాస ఆధారిత అంకెలు తీసుకుంటాను. హెల్త్ ఆఫీసర్ ఆ ఏడాది అవే అంకెలు వాడితే నివేదికలో ఆ మాట చెప్తాడు, పట్టిక కింద చిన్న అక్షరాలు చూడండి. 1900 నుంచి 1910 దాకా హెల్త్ ఆఫీసర్ నికర మరణాలు తీసుకుని, దాన్ని వేరే రంగు గీతగా గీస్తాను, 1911తో కలపను. క్షయ పేజీలోని మరణాలను రేటుకు వాడను. అవి రిజిస్టరులోని రోగులతో ముడిపడ్డ అంకెలు కాబట్టి నోటిఫికేషన్ నిష్పత్తికి మాత్రమే వాడతాను. వయసుల వారీ పట్టిక దొరికిన ఏళ్లలో 15 నుంచి 45 దాకా ఒక గుంపు చేసి విడిగా నడుపుతాను. మీ ఊరు పదవీ విరమణ చేసినవాళ్లు ఎక్కువగా ఉండే ఊరైతే మొత్తం రేటు కన్నా ఈ గుంపు రేటే నిజం చెప్తుంది. 1930లలో వేర్వేరు ప్రాంతాలను పోల్చడానికి రిజిస్ట్రార్ జనరల్ ఇచ్చిన సర్దుబాటు గుణకం నివేదికలో కనిపిస్తే, అది అన్ని కారణాల మొత్తం మరణ రేటు కోసం లెక్కించింది. దాన్ని తెచ్చి క్షయ రేటుకు గుణించకండి.

ఒక మాట దత్తాంశాల గురించి కూడా. నివేదికల్లో చాలా భాగం లండన్‌లోని వైద్య చరిత్ర గ్రంథాలయం వెల్‌కమ్ కలెక్షన్ స్కాన్ చేసి ఉచితంగా ఆన్‌లైన్‌లో పెట్టింది. యంత్రం చదివిన పట్టికల్లో 3, 8, 5 తారుమారవుతుంటాయి, దశాంశ చుక్క ఎగిరిపోతుంటుంది. అడ్డు, నిలువు మొత్తాలు కూడి చూసుకోకుండా ఒక్క పట్టికను కూడా వాడకండి. రేటు వెయ్యికి ఇచ్చారా, లక్షకా, పది లక్షలకా అన్నది ఒక్కో ఏడాది ఒక్కోలా ఉండవచ్చు. స్థానిక నివేదికలు ఎక్కువగా వెయ్యికి, రిజిస్ట్రార్ జనరల్ పది లక్షలకు ఇచ్చేవారు. అచ్చు రేటును నమ్మకుండా మరణాలు, జనాభా తీసుకుని మీరే వేసుకోండి.

పేర్లతో ఉన్న నోటిఫికేషన్ రిజిస్టర్లు, డిస్పెన్సరీ పుస్తకాలు కౌంటీ ఆర్కైవ్‌లలో ఉంటాయి. వ్యక్తుల ఆరోగ్య వివరాలున్నవాటిని మామూలుగా 100 ఏళ్ల దాకా మూసి ఉంచుతారు. పరిశోధన కోసం షరతులతో చూడనిచ్చే ఆర్కైవ్‌లు ఉన్నాయి, ముందే ఉత్తరం రాసి అడగండి. అనుమతి వస్తే, మరణ రిజిస్టరు నకళ్లతో ఒక్కో పేరు జతచేసి చూడటానికి అయిదేళ్ల ముక్క ఒకటి ఎంచుకోండి, 1925 నుంచి 1929 దాకా అయితే నాకు నచ్చుతుంది: కొత్త పట్టిక వచ్చింది, హద్దులు ఇంకా మారలేదు, యుద్ధం లేదు.